రెన్ అండ్ మార్టిన్‌లో ఒక అధ్యాయం

పి.సి. రెన్, హెచ్. మార్టిన్ కలిసి రాసిన ‘హైస్కూల్ ఇంగ్లిష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్’ 1930ల మధ్యకాలంలో వెలువడింది. రెన్ బొంబాయి ప్రెసిడెన్సీలో విద్యాశాఖ ఉద్యోగం చేసినవాడు. 1924లో ‘బో జెస్ట్’ అనే సాహస నవల రాసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ నవలను ఇప్పుడు మన దగ్గర చదివేవాళ్లు అరుదు. వ్యాకరణ పుస్తకం మాత్రం అట్టలు ఊడిపోయి, అన్న చేతి నుంచి చెల్లె చేతికి మారుతూ ఇంకా తిరుగుతోంది. దాని పూర్తి పేరు ఎవరూ పలకరు. ‘రెన్ అండ్ మార్టిన్’ అంటే చాలు, ఏ పుస్తకమో అందరికీ తెలుస్తుంది. ఆ ఇద్దరి పేర్ల వెనుక మూడో పేరు ఒకటుంది, దాన్ని గమనించేవాళ్లు తక్కువ: పరిష్కర్త ఎన్.డి.వి. ప్రసాదరావు. ఇవాళ మన చేతుల్లో ఉన్నది ఆయన పరిష్కరించిన ప్రతి. పాత లాటిన్ పద్ధతి వ్యాకరణానికి, భాషను వాడుక నమూనాలుగా నేర్పాలన్న ఎ.ఎస్. హార్న్‌బీ వంటివారి ఆలోచనను జోడించిన ప్రతి అది. ఆ మూడో పేరుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదని నా అభిప్రాయం.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చినది వర్తమాన, భూతకాలాల వాడుకను వివరించే చిన్న అధ్యాయం. నాలుగైదు పేజీలకు మించదు. పరీక్షకు చదివేవాళ్లు దాన్ని గబగబా తిప్పేసి కింద ఉన్న ఖాళీలు పూరించే అభ్యాసానికి వెళ్లిపోతారు. కానీ నిదానంగా, ఒక్కొక్క అంశం దగ్గర ఆగి చదివితే అందులో ఎంత పనితనం ఉందో తెలుస్తుంది. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలేయాలి, ఏ మాట దగ్గర పట్టు బిగించాలి, ఎక్కడ సడలించాలి అన్నది బాగా ఆలోచించి కట్టిన అధ్యాయం అది.

దాన్ని బొంగులూరులో వినిపించే వాక్యాలతో పరీక్షించి చూద్దాం. ఆ ఊరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇబ్రహీంపట్నం మండలంలోని బొంగులూరు దగ్గర నాగార్జునసాగర్ రోడ్డూ, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డూ కలుస్తాయి. పక్కనే ఆదిభట్లలో సాఫ్ట్‌వేర్ క్యాంపస్, విమానాల భాగాలు తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. మంగల్‌పల్లి మీదుగా ఇబ్రహీంపట్నం దాకా ఇంజనీరింగ్ కాలేజీలు. ఇంట్లో ‘యాడికి పోతున్నవ్ బిడ్డా’ అంటే ‘కాలేజ్‌కి పోతున్న’ అని చెప్పి బయటికొచ్చిన పిల్ల, కాసేపట్లో క్లాసులోనో ఉద్యోగం ఇంటర్వ్యూలోనో తన గురించి ఇంగ్లిష్‌లో చెప్పుకోవాలి. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అన్న ప్రశ్నకు జవాబు మొత్తం ఈ అధ్యాయంలోనే ఉంది. ఎక్కడుంటారు, ఏం చదువుతున్నారు, ఏం చదివారు, ఇప్పటిదాకా ఏం చేశారు, ఎన్నాళ్లనుంచి చేస్తున్నారు: ఒక్కోదానికి ఒక్కో క్రియారూపం కావాలి.

అధ్యాయంలో మొదట మెచ్చుకోవలసినది దాని సరిహద్దు. వర్తమానాన్నీ భూతాన్నీ ఒక్కచోట పెట్టి, భవిష్యత్తును వేరే అధ్యాయానికి పంపారు. మనం బడిలో మూడు కాలాలని నేర్చుకుంటాం కాబట్టి ఈ విభజన మొదట వింతగా అనిపిస్తుంది. ఇంగ్లిష్ క్రియను విప్పి చూస్తే కారణం తెలుస్తుంది. ‘గో’, ‘వెంట్’. ‘వర్క్’, ‘వర్క్డ్’. క్రియ తన ఒంటిమీద మోసే కాలాలు ఈ రెండే. భవిష్యత్తు చెప్పాలంటే ‘విల్’, ‘గోయింగ్ టు’ లాంటివి పక్కన చేర్చుకోవాల్సిందే. 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణంలోనే ఈ భాషకు రెండు కాలాలే అన్నాడు. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ రాసిన మహా వ్యాకరణం కూడా అదే తేల్చింది.

సరిగ్గా అదే 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం ఢిల్లీలో అచ్చయింది. అందులో తెలుగు క్రియ గురించి చెప్పినదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. ‘రోజూ ఈడనే బస్సెక్కుత’, ‘రేపు కూడా ఈడనే బస్సెక్కుత’. అలవాటుకీ భవిష్యత్తుకీ మనకు ఒకే రూపం. ‘ఎక్కిన’ అంటే అయిపోయింది. అయిపోయినది ఒకవైపు, కానిది ఒకవైపు: తెలుగు క్రియ కూడా ప్రధానంగా రెండు ముక్కలుగానే చీలుతుంది. అంటే ‘ది బస్ లీవ్జ్ ఎట్ సిక్స్ టుమారో’ అన్న వాక్యం చూసి బొంగులూరు పిల్ల తికమకపడాల్సిన పనే లేదు. రేపటి సంగతికి వర్తమాన రూపం ఎందుకు వాడారని అడగాల్సింది నిజానికి మరో భాషవాడు. ‘బస్సు రేపు ఆరింటికి బయలుదేరుతది’ అని మనం ముందునుంచీ అంటున్నదే.

ఇక సింపుల్ ప్రెజెంట్. ఈ పేరు చాలామందిని దారి తప్పిస్తుంది. ‘వర్తమానం’ అనగానే ఈ నిమిషంలో జరుగుతున్నది అనుకుంటాం. అధ్యాయం చేసిన మంచి పని ఏమిటంటే, మొట్టమొదటి వాడుకగా అలవాటును పెట్టింది. దాని వెంటనే ఎప్పటికీ మారని సత్యాలను పెట్టింది. ఇప్పుడు, ఈ క్షణంలో అన్న అర్థం ఆ తర్వాత, అదీ ప్రత్యేక సందర్భాల్లో మాత్రమే వస్తుంది. ఈ వరుసక్రమమే సగం పాఠం. ‘షి వర్క్స్ ఇన్ ఆదిభట్ల’ అంటే ఈ నిమిషంలో ఆమె ఇంట్లో నిద్రపోతున్నా వాక్యం నిజమే.

మన వ్యాకరణ సంప్రదాయంలో దీనికి వేరే గది ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో వర్తమాన, భూత, భవిష్యత్తులతో పాటు తద్ధర్మార్థకం అని నాలుగోది ఒకటి కనిపిస్తుంది. ఒక వస్తువు స్వభావాన్ని, ఒక మనిషి అలవాటును చెప్పే క్రియ అది. సూర్యుడు తూర్పున ఉదయించును, నీరు పల్లమునకు పారును. ఇంగ్లిష్ సింపుల్ ప్రెజెంట్ చేసే ప్రధానమైన పని ఇదే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లకు తద్ధర్మం తెలిసే ఉంటుంది. ఆ మాటతో మొదలుపెట్టే ఇంగ్లిష్ మాస్టారు అరుదుగా దొరుకుతాడు. ‘ఇది వర్తమానం’ అని ఒక్క మాటతో దాటేయడం వల్లనే, ఏడాది తర్వాత ఆ పిల్ల ‘ఐ యామ్ గోయింగ్ టు కాలేజ్ డైలీ’ అంటుంది.

అధ్యాయం ఆ తర్వాత చిన్న చిన్న వాడుకల్ని ఏరి చూపిస్తుంది. ‘హియర్’, ‘దేర్’తో మొదలయ్యే వాక్యాల్లో కళ్లముందు జరుగుతున్నదానికి సింపుల్ ప్రెజెంట్ వస్తుంది: ‘హియర్ కమ్స్ ది బస్!’ ఇక్కడ తెలుగు ఇంకో దారి పట్టింది. బస్టాపు దగ్గర నిలబడ్డవాళ్లు దూరాన బస్సు ముఖం కనబడగానే ‘అగో, బస్సొచ్చింది!’ అంటారు. బస్సు ఇంకా రాలేదు, క్రియ మాత్రం భూతంలో ఉంది. ఇంగ్లిష్ తన స్థిరమైన రూపాన్ని వాడితే, మనం అయిపోయిన రూపాన్ని వాడాం. రెండు భాషలూ ‘వస్తున్నది’ అన్న మామూలు రూపాన్ని పక్కన పెట్టాయి. ఎందుకంటే ఆ మాటలో సమాచారం కన్నా ఉత్సాహం ఎక్కువ. క్రికెట్ వ్యాఖ్యానంలో, కథను కళ్లకు కట్టేలా చెప్పేటప్పుడు కూడా ఇంగ్లిష్ ఇదే రూపాన్ని ఆశ్రయిస్తుంది. గడియారంలోని వేళ వేరు, క్రియలోని కాలం వేరు అన్న సంగతిని అధ్యాయం ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. వాడుక తర్వాత వాడుక చూపించి మనకే తట్టేలా చేస్తుంది.

ప్రెజెంట్ కంటిన్యుయస్ దగ్గర పని మరింత సున్నితంగా ఉంటుంది. మాట్లాడే వేళకు జరుగుతున్నది, ఇప్పుడే జరగకపోయినా ఈ రోజుల్లో తాత్కాలికంగా సాగుతున్నది, త్వరలో చేద్దామని ఏర్పాటు చేసుకున్నది. ఈ మూడూ అందరూ చెప్పేవే. అధ్యాయం అక్కడ ఆగకుండా ఇంకో అంశం చేర్చింది. ఎంత చెప్పినా మానని మొండి అలవాటుకు, ‘ఆల్వేజ్’ లాంటి మాట జోడించి కంటిన్యుయస్ వాడతారని. ‘హి ఈజ్ ఆల్వేజ్ లుకింగ్ ఎట్ హిజ్ ఫోన్’. ఈ వాక్యంలో విసుగు ఉంది. ‘హి ఆల్వేజ్ లుక్స్’ అంటే ఆ విసుగు రాదు, అది ఉత్త సమాచారం. మనకిది ఎంత దగ్గరిదో చూడండి: ‘వాడు ఎప్పుడు చూసినా ఫోన్ చూస్తనే ఉంటడు.’ ‘చూస్తడు’ అని ఊరుకోకుండా ‘చూస్తనే ఉంటడు’ అనడంలో తల్లి గొంతు వినిపిస్తుంది. రెండు భాషలూ ఫిర్యాదును సాగే క్రియలోనే దాచుకున్నాయి. దీన్ని ప్రస్తావించని వ్యాకరణాలు ఎన్నో ఉన్నాయి. విద్యార్థికి మార్కులు తెచ్చేది కాకపోయినా, భాష మీద ప్రేమ ఉన్నవాళ్లు మాత్రమే చేర్చే అంశం ఇది.

కంటిన్యుయస్‌లో సాధారణంగా రాని క్రియల జాబితా కూడా ఇక్కడే ఉంటుంది: చూడటం, వినటం వంటి ఇంద్రియానుభవాలు, ఇష్టాయిష్టాలు, తెలియటం, నమ్మటం, కలిగి ఉండటం. ‘ఐ యామ్ నోయింగ్’ తప్పు అని జాబితా చెబుతుంది. తెలుగువాళ్లకు ఈ జాబితాలో చాలా మాటలను బట్టీ పట్టాల్సిన అవసరమే లేదు. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’, ‘నాకు తెలుగు వచ్చు’, ‘నాకు ఇష్టం’: మన భాషలోనూ ఇవి ‘తున్న’ చేరని మాటలే. ‘తెలుస్తున్నది’ అంటే ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నదని వేరే భావం. అయినా ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’ ఎందుకు వస్తుంది? నాకు తోచిన కారణం ఇది. ‘చేస్తున్న’ అన్న మాట ‘చేస్తూ ఉన్న’ నుంచి వచ్చింది. ఇంగ్లిష్‌లోని ‘యామ్ డూయింగ్’ కట్టుబాటు కూడా అలాంటిదే. దాంతో ‘ఉన్న’ వినిపించిన ప్రతిచోటా ‘యామ్’, దాని వెనకే ‘ఇంగ్’ రావాలని మనసు అలవాటు పడింది. ‘నాకు ఇద్దరు చెల్లెండ్లున్నరు’ అన్నప్పుడు ఆ ‘ఉన్న’ తనదైన పూర్తి అర్థంతో నిలబడింది, వేరే క్రియకు తోడుగా రాలేదు. ఈ ఒక్క తేడా చూపిస్తే చాలు, జాబితా దానంతట అదే గుర్తుంటుంది.

ఇప్పుడు అధ్యాయంలో అన్నిటికన్నా కష్టమైన చోటు, పనితనం అన్నిటికన్నా బాగా కనిపించే చోటు: ప్రెజెంట్ పర్ఫెక్ట్.

బొంగులూరులో ఒకరినొకరు పలకరించుకునే మాట ‘తిన్నవా?’ జవాబు ‘తిన్న’. ఈ ‘తిన్న’ను ఇంగ్లిష్‌లోకి తేవాలంటే రెండు దారులున్నాయి, ‘ఐ ఏట్’, ‘ఐ హ్యావ్ ఈటెన్’. తెలుగు క్రియ ఈ తేడాను పట్టించుకోదు. అందుకే మన పిల్లలు ఈ రెండింటినీ ఒకదాని స్థానంలో ఒకటి వాడతారు, ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అంటారు. తప్పు అని ఎర్ర సిరాతో గీత గీస్తే సరిపోదు. ఎందుకు తప్పో చెప్పాలి.

అధ్యాయం ఈ పర్ఫెక్ట్‌కు నాలుగు పనులు అప్పగించింది. ఇప్పుడిప్పుడే ముగిసినవి. ఎప్పుడు జరిగాయో చెప్పనివి. జరిగిన పనికన్నా దాని ఫలితం ఇప్పుడు మనకు ముఖ్యమైనవి. గతంలో మొదలై ఈ క్షణం దాకా సాగుతున్నవి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటిని కలిపే దారం కనిపిస్తుంది: ప్రతి ఒక్కటీ ఇప్పటితో ముడిపడి ఉంది. వెంటనే అధ్యాయం గట్టిగా ఒక కంచె వేసింది. నిన్న, పోయిన వారం, 2015లో అన్నట్టు గడిచిపోయిన వేళను చెప్పే మాట ఉంటే పర్ఫెక్ట్ రాకూడదు, సింపుల్ పాస్టే రావాలి. మొత్తం అధ్యాయంలో ఇంత కచ్చితంగా మాట్లాడిన చోట్లు తక్కువ. చాలాచోట్ల సడలిస్తూ వచ్చిన రచన ఇక్కడ మాత్రం పట్టు బిగించింది. ఎక్కడ గట్టిగా ఉండాలో తెలిసిన చేయి అది.

ఈ నియమం వెనకున్న కారణం ‘హ్యావ్’ అన్న మాటలోనే ఉంది. ఇంగ్లిష్‌లో పర్ఫెక్ట్ రూపం పుట్టింది కలిగి ఉండటం అన్న భావంలోంచి. రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది అన్న అర్థం మెల్లగా నేను ఉత్తరం రాసి ఉన్నాను అన్న అర్థంలోకి జారింది. ‘హ్యావ్’ ఇప్పటికీ వర్తమాన క్రియే. ‘నా దగ్గర ఉంది’ అన్నది ఇవాళ్టి మాట కాబట్టి దాని పక్కన ‘నిన్న’ నిలవదు. తెలుగులో దీనికి దగ్గరైన రూపం వెతికితే వంటింట్లోనే దొరుకుతుంది. ‘వండిపెట్టిన, వచ్చి తిను.’ ‘తలుపు వేసి ఉంది.’ వండింది ఎప్పుడన్నది ఇక్కడ ప్రశ్న కాదు, ఇప్పుడు అన్నం సిద్ధంగా ఉండటమే విషయం. ‘ఐ హ్యావ్ కుక్డ్’ అంటే సరిగ్గా ఈ ‘వండిపెట్టిన’. అలా చెప్పగలిగినచోట పర్ఫెక్ట్ వాడమని పిల్లలకు చెప్పొచ్చు.

ఇంకో పరీక్ష. ఇబ్రహీంపట్నం పేరును కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీంతో ముడిపెడతారు. ఆయన పాలన 1550 నుంచి 1580 దాకా. ‘ఇబ్రహీం రూల్డ్ గోల్కొండ’ అనాలి. ‘ఇబ్రహీం హాజ్ రూల్డ్’ అనకూడదు. వాక్యంలో తేదీ లేకపోయినా సరే, ఆ మనిషికి ‘ఇప్పుడు’ లేదు. మండలంలోని పెద్ద చెరువు సంగతి వేరు, అది ఇంకా మన కళ్లముందే ఉంది. అందుకే ‘ది ట్యాంక్ హాజ్ సీన్ మెనీ డ్రౌట్స్’ అనొచ్చు. కర్త బతికున్నాడా లేదా అన్నది కూడా క్రియారూపాన్ని నిర్ణయిస్తుందంటే, ఈ వ్యవస్థ ఎంత సూక్ష్మమైనదో ఊహించుకోవచ్చు.

గతంలో మొదలై ఇంకా సాగుతున్నవాటి దగ్గర మన పిల్లలు తప్పకుండా జారే చోటు ఒకటుంది. ‘రెండేండ్ల నుంచి ఈడనే ఉంటున్న’ అన్న వాక్యం ఇంగ్లిష్‌లో ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అయిపోతుంది. తెలుగు సాగే క్రియతో సరిపెట్టుకుంటుంది. ఇంగ్లిష్ మాత్రం మొదలైన గతాన్నీ సాగుతున్న ఇప్పటినీ రెండింటినీ క్రియలోనే చూపాలంటుంది: ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. పైగా మన ‘నుంచి’ ఒక్కటే, వాళ్లకు మొదలైన చోటుకు ‘సిన్స్’, గడిచిన నిడివికి ‘ఫర్’. ఇంటర్వ్యూ గదిలో ఎక్కువగా వినిపించే తప్పు బహుశా ఇదే. అధ్యాయం దీన్ని చూపించింది కానీ భారతదేశమంతటికీ రాసిన పుస్తకం కాబట్టి తెలుగువాడు ఎందుకు జారతాడో చెప్పలేదు. ఆ పని మాస్టారిది.

సింపుల్ పాస్ట్‌ను అధ్యాయం తొందరగానే ముగించింది, అది సబబే. జరిగిపోయినది, గతంలోని అలవాటు, అంతే. నేను ఇక్కడ ఒక్కటి మాత్రం చేర్చుతాను. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అన్న తప్పు పోవాలంటే ‘పోలేదు’ను విప్పి చూపించాలి. ‘పోయిన’లో భూతకాలం ఉంది. ‘పోలేదు’లోని ‘పో’లో ఏ కాలమూ లేదు, ఆ బరువంతా ‘లేదు’ మోస్తుంది. ‘డిడ్ నాట్ గో’లో కూడా అంతే, ‘డిడ్’ కాలాన్ని తీసుకోగానే ‘గో’ ఉత్త ధాతువుగా మిగులుతుంది. ‘పోయినలేదు’ అని ఏ పసిపిల్లా అనదు. ‘డిడ్ నాట్ వెంట్’ చెవికి అలాగే వినిపించాలి.

పాస్ట్ పర్ఫెక్ట్ దగ్గర అధ్యాయం మాటల ఎంపికను గమనించండి. గతంలో రెండు పనులు జరిగితే ఏది ముందో చూపడానికి ‘హ్యాడ్’ అవసరం కావచ్చు అంటుంది. ‘కావచ్చు’ అన్న ఆ జాగ్రత్త చాలా విలువైనది. మన గైడ్లు దాన్ని తుడిచేసి, రెండు భూతకాల క్రియలుంటే ముందుదానికి హ్యాడ్ పెట్టి తీరాలని నేర్పుతాయి. ఫలితంగా పిల్లల రాతల్లో ప్రతి వాక్యానికీ ఒక హ్యాడ్. జరిగిన వరుసలోనే చెప్పుకుంటూ పోతే దాని అవసరమే రాదు. ‘స్నానం చేసి, తిని, బస్సెక్కిన’ అంటాం కదా, ‘చేసి’, ‘తిని’ లాంటి తెలుగు క్త్వార్థకం ఏది ముందో దానంతటదే చెబుతుంది. ఇంగ్లిష్‌లో ‘ఐ బేద్డ్, ఏట్ అండ్ గాట్ ఆన్ ది బస్’ కూడా అంతే హాయిగా సాగుతుంది. కథ వెనక్కి తిరిగినప్పుడే హ్యాడ్ కావాలి: ‘నేను గేటు దగ్గరికి వచ్చేసరికి బస్సు పోయింది’, ‘వెన్ ఐ రీచ్డ్ ది గేట్, ది బస్ హ్యాడ్ లెఫ్ట్’. ఇక్కడ హ్యాడ్ తీసేస్తే నేను వచ్చాకే బస్సు కదిలిందన్న అర్థం వస్తుంది. బస్సు తప్పిందా, కళ్లముందే కదిలిపోయిందా అన్నది ఆ ఒక్క మాట తేలుస్తుంది.

దీని వెనకున్న తర్కాన్ని హాన్స్ రైఖెన్‌బాఖ్ అనే తత్వవేత్త 1947లో విడమరిచి చెప్పాడు. ప్రతి క్రియారూపం వెనక మూడు వేళలుంటాయి: మాట్లాడుతున్న వేళ, పని జరిగిన వేళ, మనం ఎక్కడ నిలబడి ఆ పనిని చూస్తున్నామో ఆ వేళ. ‘హి కేమ్’ అంటే పని జరిగిన వేళలోనే నిలబడి చూస్తున్నాం. ‘హి హాజ్ కమ్’ అంటే ఇప్పుడు నిలబడి వెనక్కి చూస్తున్నాం. ‘హి హ్యాడ్ కమ్’ అంటే గతంలో ఒకచోట నిలబడి, ఇంకా వెనక్కి చూస్తున్నాం. మన పుస్తకం ఈ సిద్ధాంతం పేరెత్తదు. కానీ దాని వాడుకల అమరికను రైఖెన్‌బాఖ్ లెక్కతో సరిచూస్తే ఎక్కడా తేడా రాదు. సిద్ధాంతం చెప్పకుండానే సిద్ధాంతానికి సరిపోయేలా ఉదాహరణలు అమర్చడం ఆషామాషీ విషయం కాదు.

దీనికి ముందున్న పరిచయ అధ్యాయంలోనే ఒక చిన్న హెచ్చరిక ఉంది: భూతకాల రూపం కొన్నిసార్లు వర్తమానాన్ని చెబుతుందని. ‘ఐ విష్ ఐ హ్యాడ్ ఎ బైక్’ అన్నప్పుడు ఆ హ్యాడ్ గతానిది కాదు, లేనిదానిది. మనకూ ఇది ఉంది, ‘నాకో బండి ఉంటే మంచిగుండేది.’ ఇక్కడ రెండు భాషల పోలిక ఆశ్చర్యపరుస్తుంది. ‘సెలవులొస్తే తాత మమ్మల్ని చెరువు కట్టమీదికి తీసుకపోయేటోడు’ అన్నది గతంలోని అలవాటు. ‘తాత బతికుంటే ఇప్పుడు తీసుకపోయేటోడు’ అన్నది జరగనిది, జరగలేనిది. క్రియ ఒక్కటే. ఇంగ్లిష్‌లోనూ రెండుచోట్లా ‘వుడ్ టేక్’ అన్న ఒకే రూపం వస్తుంది. ఒక భాషది ద్రావిడ కుటుంబం, ఇంకోదానిది ఇండో-యూరోపియన్. అయినా పోయిన రోజులనూ లేని రోజులనూ రెండూ ఒకే క్రియలో పెట్టుకున్నాయి. ఇప్పటి అనుభవానికి దూరమైనది ఏదైనా, అది గడిచిపోయినందువల్ల దూరమైనా, అసలు లేనందువల్ల దూరమైనా, క్రియకు ఒకటే.

లోపాలు లేవని అనను. అభ్యాసాల్లోని వాక్యాలకు ఒకదానితో ఒకటి సంబంధం ఉండదు. కాలాల అసలు పరీక్ష ఒక పేరాలో, ఒక ఉత్తరంలో, ఒక సంభాషణలో జరుగుతుంది. విడి వాక్యంలో రెండు రూపాలూ సరైనవే అనిపించే చోట, ముందు వెనకల వాక్యాలుంటేనే తేడా తెలుస్తుంది. ‘ఈడీ’తో ముగిసే భూతకాలాన్ని ‘వర్క్ట్’ అని ఒకచోట, ‘ప్లేడ్’ అని ఒకచోట, ‘వాంటిడ్’ అని ఒకచోట పలుకుతారన్న సంగతి ఈ అధ్యాయం పరిధిలోకి రాదు, మాట్లాడటం నేర్చుకునేవాళ్లకు అది మాస్టారు విడిగా చెప్పాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు పుస్తకానిది కాదు, మనది. పరిచయంలో మూడు కాలాలనూ నాలుగు నాలుగు రూపాలుగా చూపే పట్టిక ఉంది. పన్నెండు గళ్ల ఆ పట్టికను బోర్డుమీద గీసి, ప్రతి గడిలో ఒక వాక్యం రాయించి, ‘టెన్సెస్ అయిపోయినయ్’ అని చాక్‌పీసు పక్కన పెట్టే క్లాసులు అన్ని జిల్లాల్లోనూ ఉన్నాయి. పట్టిక రూపాలను మాత్రమే చెబుతుంది. ఏ రూపాన్ని ఎప్పుడు వాడాలో చెప్పేది దాని తర్వాతి అధ్యాయం. చాలామంది అక్కడిదాకా చేరరు.

1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైనప్పుడు దాని ప్రధాన లక్ష్యం ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లకు శిక్షణ ఇవ్వటమే. అదే తర్వాత సీఫెల్ అయింది, 2007 నుంచి ఇఫ్లూ అనే కేంద్రీయ విశ్వవిద్యాలయంగా తార్నాకలో ఉంది. ఇంగ్లిష్ ఎలా నేర్పాలన్న దానిమీద అరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న సంస్థ బొంగులూరు నుంచి గంటన్నర దూరంలో ఉంది. ఆ జ్ఞానం సాగర్ రోడ్డు క్లాసుల్లోకి దిగాలంటే పెద్ద పథకాలేవీ అక్కర్లేదు. తెలుగు వాక్యాన్ని పక్కన పెట్టుకుని ఈ నాలుగైదు పేజీలు బోధించే మాస్టారు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ఇంగ్లిష్ చెప్పే మాస్టార్లకు, టీచర్లకు నా విన్నపం ఇదే. పన్నెండు గళ్ల పట్టికను ఒక్క రోజులో ముగించండి. తర్వాతి రెండు వారాలు వర్తమాన, భూతకాలాల వాడుక అధ్యాయానికే ఇవ్వండి. ప్రతి అంశానికీ ముందు పిల్లల నోటినుంచి వాళ్ల ఇంటి తెలుగులో, ‘తిన్న’, ‘తింటున్న’, ‘వండిపెట్టిన’, ‘తీసుకపోయేటోడు’ అన్న మాటల్లోనే, ఒక వాక్యం చెప్పించండి. ఇంగ్లిష్ వాక్యం ఆ తర్వాత రాయించండి. పుస్తకం అట్టమీదున్న మూడో పేరును కూడా ఒకసారి చదివించండి.